అత్తగారి తాతముత్తాతల్ని వెతుకుతున్న సుధకి

అమ్మాయ్ సుధా,

మీ అత్తగారి వైపు వంశవృక్షం గీస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన గోత్రం అడిగితేనే తడుముకునే పిల్లవి, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రైతుల కూపీ లాగుతావా! ముచ్చటేసింది. ఒక్క విషయంలో మాత్రం భయమేసింది.

1950 జనాభా లెక్కల నుంచి మొదలుపెట్టు. అమెరికాలో జనాభా లెక్కల్లోని పేర్లు 72 ఏళ్లు దాటితే గానీ బయటపెట్టరు. 1950వి 2022 ఏప్రిల్ 1న వచ్చాయి, 1960వి 2032 దాకా రావు. అక్కణ్ణుంచి పదేళ్లకో మెట్టు దిగు, ఏ మెట్టూ దాటెయ్యకు. ఈ లెక్కలు వెతకడానికి ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్లో డబ్బు కట్టక్కర్లేదు. ఇంటిపేరుతో దొరక్కపోతే ఆ గడి వదిలేసి పేరు, పుట్టిన రాష్ట్రం, వయసు రెండు మూడేళ్లు అటూ ఇటూగా ఇచ్చి వెతుకు. అందులో టైపు చేసి పెట్టింది నమ్మకు, లెక్కలవాళ్లు చేత్తో రాసిన షీటే తెరిచి చూడు.

ఇక నా భయం. షీట్లో భర్త, కింద భార్య, ఆ కింద పిల్లలు కనిపిస్తే అందరూ ఆవిడ కన్నవాళ్లేనని గీసేస్తారు. 1850, 60, 70ల్లో వరసలు రాసే గడే లేదు. 1880 నుంచి ఉంది గానీ, అది ఇంటి పెద్దకి ఏమవుతారన్నదే. ‘కొడుకు’ అంటే ఆయన కొడుకు. ఆవిడకి సవతి కొడుకైనా అదే మాట రాస్తారు.

1900 షీటు ఇలా ఉందనుకో: భర్తకి 44, భార్యకి 31, పిల్లలకి 16, 13, 7, 5, 2. చూడగానే అనుమానం రాదు. పక్కకి జరిగి చూడు: పెళ్లై 9 ఏళ్లు, కన్నది నలుగుర్ని, ఉన్నది ముగ్గురు. అంటే 7, 5, 2 ఆవిడ పిల్లలు. పెద్దవాళ్లిద్దరి తల్లి వేరు. ఇంకాస్త జరిగితే తల్లి పుట్టిన చోటు గడి. చిన్నవాళ్లకి ఒహాయో, పెద్దవాళ్లకి ఐర్లాండ్ అని ఉంటే అనుమానం గట్టిపడుతుంది. రాసేవాళ్లు పై గడిలోదే కిందికి దించేయడమూ ఉంది కాబట్టి ఆ ఒక్కదాని మీదే ఆధారపడకు. 1910 షీట్లో అయితే ‘ఎం2’ అని వెతుకు, మళ్లీ పెళ్లని అర్థం.

పాపం ఆ మొదటావిడ! 1880 లెక్కల తర్వాత కాపురానికొచ్చి 1900కి ముందే పోతే, ఆ ఇంటి ఇల్లాలిగా ఆవిడ పేరు దొరకాల్సింది 1890 లెక్కల్లో. అవి 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో నిప్పంటుకుని కొన్ని తగలబడ్డాయి, చాలా వాటికి నీళ్లు తగిలి పాడయ్యాయి, మిగిలినవి దాదాపు అన్నీ తర్వాత పారేశారు. అందుకని కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో పెళ్లి రిజిస్టరు చూడు. ఆ పదహారేళ్లవాడి మరణ పత్రం, సోషల్ సెక్యూరిటీ (అక్కడి ప్రభుత్వ పింఛను పథకం) దరఖాస్తు తెప్పించు. దరఖాస్తులో తల్లి పుట్టింటి పేరు అడుగుతారు. ఆ పేరుతో మళ్లీ 1880కి వెళ్తే ఆవిడ పుట్టింట్లో కూతురిగా కనబడొచ్చు.

బతికున్నవాళ్ల పుట్టిన తేదీలూ పుట్టింటి పేర్లూ అందరికీ కనబడేలా పెట్టకు తల్లీ. బ్యాంకు వాళ్లు అడిగే ప్రశ్నలవే.

1900 షీటు దొరకగానే ఫొటో పంపు, మనవడి చేత పెద్దది చేయించుకుని చూస్తాను. గీయడం తర్వాత.

నీ పెద్దమ్మ