మెంగ్స్క్ విలనా? మొదటి గేమ్ ఆడినవాడి జవాబు

స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేమ్‌లో ఆర్క్‌టరస్ మెంగ్స్క్‌ని పక్కా విలన్ అనాలా, అంత పోగొట్టుకున్నవాడు ఎవడైనా అలాగే తయారవుతాడా అని అడిగారు. మీరు రెండో భాగం ఒక్కటే ఆడినట్టున్నారు. 2010లో వచ్చిన ఆ భాగంలో అతను అప్పటికే చక్రవర్తి, టీవీ పెడితే అతని భజనే, ఇక అక్కడ తేల్చుకోవడానికి ఏముంటుంది? 1998 నాటి మొదటి గేమ్‌లో లెక్క వేరు.

నేను ఇంటర్ చదివేటప్పుడు గవర్నర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌లో ఆడాను. ఆదివారం హాస్టల్ నుంచి వదిలితే మిగతావాళ్లు సినిమాకి పోయేవాళ్లు, మేం నలుగురం అక్కడ దూరేవాళ్లం (సీడీ ఒరిజినలా అని మాత్రం అడక్కండి). మెంగ్స్క్ మాట్లాడుతుంటే నిజంగానే ఒళ్లు పులకరించేది, ఎందుకంటే అతని కోపం ఉత్తది కాదు. వాళ్ల నాన్న యాంగస్ కోర్హాల్ గ్రహానికి సెనేటర్. అప్పటి ప్రభుత్వం కాన్‌ఫెడరసీకి ఎదురు తిరిగాడని హంతకుల్ని పంపి ఆయన్నీ, భార్యనీ, కూతుర్నీ చంపించారు. అదీ చాలక ఆ గ్రహం మీద 1,000 అణు క్షిపణులు వదిలితే 3.5 కోట్ల మంది పోయారు. మార్ సారా గ్రహంలో జెర్గ్ అనే గ్రహాంతర జీవులు మీద పడి జనం చస్తుంటే పట్టించుకోకుండా పోయింది ఆ ప్రభుత్వమే, ఓడలు పంపి మిగిలినవాళ్లని ఎక్కించుకున్నది మెంగ్స్క్. పైగా ఆ జెర్గ్‌ని కాన్‌ఫెడరసీ ముందునుంచే ల్యాబుల్లో పెట్టుకుని చూస్తోందని మనమే ఫైళ్లు కాజేసి కనిపెడతాం. ఇంత చూశాక అతని పక్షాన నిలబడక ఏం చేస్తాం?

అసలు సంగతి అంటిగా ప్రైమ్ అనే గ్రహంలో ఉంది. కాన్‌ఫెడరసీ సైన్యం మెంగ్స్క్ మనుషుల్ని చుట్టుముడుతుంది, తప్పించుకునే దారి ఉండదు. అప్పుడు సై ఎమిటర్ అనే యంత్రాన్ని మెంగ్స్క్ దగ్గర పనిచేసే కెరిగన్ అనే ఆమె చేత శత్రువుల స్థావరంలో పెట్టిస్తారు. ఎక్కడెక్కడి జెర్గ్‌నో రప్పించే యంత్రం అది. కెరిగన్‌ని అక్కడిదాకా నడిపించేది ఆడేవాడే. మిషన్ గెలవగానే మేం వేసిన కేకకి సెంటర్ ఓనర్ వచ్చి తిట్టాడు. ఆ తర్వాత అదే యంత్రాన్ని మెంగ్స్క్ కాన్‌ఫెడరసీ రాజధాని టార్సోనిస్ మీద వాడతాడు, ఈసారి సైనికులు ఒక్కళ్లే కాదు, ఊళ్లకి ఊళ్లు. అప్పుడు కెరిగన్ అంటుంది, అంటిగాలో చేసిందే దారుణం, ఇప్పుడు గ్రహం మొత్తం మీదకా అని. అంటిగాలో ఆ పని చేసినవాళ్లకి టార్సోనిస్‌లో అడ్డు చెప్పే హక్కు ఎంత ఉంది అన్నది ఇప్పటికీ నాకు తెగని ప్రశ్న.

అక్కడే న్యూ గెటిస్‌బర్గ్ అనే చోట కెరిగన్‌ని జెర్గ్‌కి వదిలేసి మెంగ్స్క్ వెళ్లిపోతాడు. జనం అతన్ని తిట్టేది దీనికే, గమనించండి. టార్సోనిస్‌లో పోయినవాళ్లకి మొహాలు లేవు, కెరిగన్‌కి మొహం ఉంది, గొంతు ఉంది. ఇంకో మెలిక ఏంటంటే, అతని తండ్రిని చంపడానికి వెళ్లినవాళ్లలో కెరిగన్ కూడా ఉంది, కాన్‌ఫెడరసీ ఆమెను తన చెప్పుచేతల్లో ఉంచుకుని వాడుకున్న రోజుల్లో. మరి ఆమెని వదిలేసింది యుద్ధం లెక్కలోనా, పాత పగతోనా? మొదటి గేమ్‌లో దీనికి సూటి జవాబు దొరకదు. ఆ భాగంలో రచయితలు బాగా రాసింది ఇదేనని నా అభిప్రాయం.

మా గ్యాంగులో ఒకడిది గురజాల. మెంగ్స్క్‌ని ఎవరైనా విలన్ అంటే వాడు వెంటనే నాయకురాలు నాగమ్మని లాక్కొచ్చేవాడు: కోడిపందెంలో మోసం చేసిందని, రాయబారానికి వచ్చిన అలరాజుకి విషం పెట్టించిందని పాడింది బ్రహ్మనాయుడి పక్షం వాళ్లు, నాగమ్మ వైపు కథ ఎవడు పాడాడురా అని. నాగమ్మ విషయంలో వాడితో నేను వాదించను, ఆడది మంత్రిగా ఉండటమే కిట్టనివాళ్లు ఎంత కలిపారో ఎవరికి తెలుసు. కానీ మెంగ్స్క్‌కి ఆ వాదన అతకదు. అతను చేసింది ఎవరో పాడగా మనం విన్నది కాదు, పక్కన ఉండి చూశాం.

నా మటుకు నాకు సందేహం పట్టాభిషేకం దాకానే. శత్రువు పోయాక ఏ ఆయుధం కింద పెట్టాడో చూడండి. ఖైదీల బుర్రలు మార్చి సైనికులుగా తోలడం కాన్‌ఫెడరసీ పద్ధతి, అతని సామ్రాజ్యం డొమినియన్‌లోనూ అదే నడిచింది. మనసుశక్తి ఉన్న పిల్లల్ని పట్టుకుని ఘోస్టులనే రహస్య హంతకులుగా తయారు చేయడమూ ఆగలేదు. కెరిగన్‌ని అలా చేసినవాళ్ల మీదే కదా అతను యుద్ధానికి దిగింది! కోర్హాల్ కోసం అన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

అలాగని 2013లో వచ్చిన భాగంలో కెరిగన్ చేతిలో అతను చచ్చినప్పుడు నాకు తృప్తేమీ కలగలేదు. ఆమె చంపినవాళ్లు తక్కువా? ఆమెకి క్షమాపణ, ఇతనికి చావు, ఎందుకంటే హీరో రేనర్ ప్రేమించింది ఆమెని. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

మొదటి గేమ్ 2017 నుంచి ఉచితంగానే దొరుకుతోంది, టెర్రన్ (మనుషుల పక్షం) క్యాంపెయిన్‌తో మొదలుపెట్టండి. మొదటి రెండు మిషన్లు నీరసంగా నడుస్తాయి, ఓపిక పట్టండి, బ్రీఫింగులు మాత్రం స్కిప్ కొట్టకండి, కథ సగం వాటిలోనే ఉంది.