ఆ గోడలు నీలం కాదు, తమ్ముడూ

తమ్ముడూ,

డచ్చి చిత్రకారుడు వాన్ గో వేసిన పడకగది బొమ్మ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. బొమ్మలంటే నీకు ప్రేమ ఉందని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది, అందుకే కూర్చుని ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. లేకపోతే 'బాగుంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవాణ్ణి.

చల్లని నీలి గోడల మధ్య గడ్డకట్టిన ఒంటరితనం అన్నావు. వాక్యం వినసొంపుగానే ఉంది, కానీ ఆయన ఆ గోడల్ని నీలంగా వెయ్యలేదు. 1888 అక్టోబరులో, ఫ్రాన్సులోని ఆర్ల్‌లో ఆ బొమ్మ మీద పనిచేస్తూ తమ్ముడు తియోకి రాసిన ఉత్తరంలో ఒక్కో వస్తువుకీ రంగు చెప్పాడు: గోడలు లేత ఊదా, మంచమూ కుర్చీలూ తాజా వెన్న లాంటి పసుపు, దుప్పటి ఎరుపు, కిటికీ ఆకుపచ్చ. ఆ ఊదా కోసం ఆయన కలిపిన ఎరుపు వెలుతురుకి వెలిసిపోయే రకం. ఏళ్లు గడిచేసరికి ఎరుపు పోయి నీలం మిగిలింది. పసుపు పక్కన ఊదా పెడితే రెండూ ఒకదాన్నొకటి నిలబెడతాయి, గది నిండుగా, నెమ్మదిగా కనిపిస్తుంది. ఆ బొమ్మ చూస్తే తలకి, అసలు ఊహకే విశ్రాంతి దొరకాలని ఆయన కోరిక, అదీ ఆ ఉత్తరంలోనే ఉంది. అంటే నువ్వు ఒంటరితనం చదివిన చోట ఆయన హాయిగా నిద్రపోయే గది వేశాడు.

చిత్రకారుడు చెప్పిందే వేదం అనడం లేదు. ఆ నీలం చూసి నీకు దిగులు కలిగితే అది నిజమే, దాన్ని నీ దిగులుగా రాయి. ఆయన ఆలోచన అని రాయాలంటే మాత్రం రంగులో దానికి ఆధారం చూపించాలి.

వంకర గోడ సంగతీ అంతే. అది చెదిరిన మనసుకి గుర్తు అన్నావు. ఆ ఇంట్లో ఆ గది వెనక గోడ నిజంగానే ఐమూలగా ఉండేది! పైగా ఆయన మనసు చెదిరి తన చెవి తనే కోసుకున్నది డిసెంబరు 23న, ఈ బొమ్మ అంతకు రెండు నెలల ముందుది, స్నేహితుడైన చిత్రకారుడు గోగాఁ వచ్చి తనతో ఉంటాడని ఇల్లు సర్దుకుంటూ ఎదురుచూస్తున్న రోజులవి. జీవితకథ చివరి పేజీ ముందే చదివేసి దాన్ని మొదటి పేజీల మీద రుద్దడం మనందరం చేసే తప్పు. ఇంకో మాట, ఆయన కావాలని చేసిన మార్పు ఒకటుంది. జపాను అచ్చుబొమ్మల్లో లాగా నీడలు తీసేసి రంగుల్ని చదునుగా పరిచాడు. ఉన్నది ఉన్నట్టు వేసిన గోడలో నువ్వు మనసు వెతికావు, పనిగట్టుకుని తీసేసిన నీడల గురించి ఒక్క మాటా రాయలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మల్లో గోధుమరంగుకి తిరిగిన రేకుల్ని చూసి మృత్యువు గురించి రెండు పేజీలు రాశాను. ఆయన వాడిన క్రోమ్ పసుపుల్లో కొన్ని వెలుతురుకి నల్లబడతాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రెండు పేజీలు ఇప్పటికీ బాధపెడతాయి.

అందుకే ముందు నూనెరంగు గురించి తెలుసుకో. అవిసె నూనెలో రంగుపొడి నూరి చేస్తారు. అది నీటిరంగులా ఆవిరైపోయి ఆరదు, గాలిలో ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. మందంగా వేస్తే పైన ఆరినట్టు కనిపించినా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. కాబట్టి చిత్రకారుడికి గీకేయడానికి, పైన వేసుకోవడానికి, మనసు మార్చుకోవడానికి సమయం దొరుకుతుంది. ఆలోచన ముందే తయారై కుంచెలోంచి దిగదు, చాలాసార్లు రంగు వేస్తూండగానే దొరుకుతుంది.

దీనికి ఆయనే వేసిన 'బంగాళదుంపలు తినేవాళ్లు' చూడు. 1885, హాలండులోని న్యూనెన్ అనే పల్లె. అంతకుముందు చలికాలమంతా రైతుల తలలు పదుల కొద్దీ వేశాడు. చివరికి పెద్ద బొమ్మలో ముఖాలు శ్రద్ధగా పూర్తిచేశాడు, ఒంటి రంగులోనే. తర్వాత అవి మరీ తేటగా ఉన్నాయని తోచి, కనికరం లేకుండా అన్నింటి మీదా మళ్లీ రంగు వేశాడు. ఏ రంగు? తొక్క తీయని, మట్టి అంటిన బంగాళదుంప రంగు అని తియోకి తనే రాశాడు. పళ్లెంలో పెడుతున్న ఆ చేతులతోనే వాళ్లు నేల తవ్వారని చెప్పడం ఆయన ఉద్దేశం. ఆ మాట ఉత్తరంలో చదవకపోయినా ముఖాల రంగు చెప్పేస్తుంది. నువ్వు ఇక్కడ ఆగి రాయాలి, ముఖం మీదికి దుంప రంగు వచ్చిన ఆ చోట. 'శ్రమజీవుల పట్ల సానుభూతి' అనే మాట ఏ బొమ్మకైనా అతుకుతుంది, ఆ రంగు ఈ ఒక్క బొమ్మదే.

ఆయన ఉత్తరాలన్నీ ఇంగ్లీషు అనువాదంతో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, టెన్షన్ పడకుండా రోజుకి రెండు మూడు చదువు. పడకగది బొమ్మలు మూడున్నాయి: ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకటి, 1889లో మళ్లీ వేసినవి షికాగోలో, పారిస్‌లో. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడు. గదిలో గోడకి తగిలించిన మనుషుల బొమ్మలు కూడా ఒకేలా ఉండవు. అవకాశం దొరికితే నూనెరంగు బొమ్మ ఏదైనా సరే అసలుది చూడు, పక్క నుంచి వంగి చూడు. ఫోన్‌లో రంగు మందం తెలియదు, గట్టులా నిలిచిన రంగు మీద పడే వెలుతురు అసలే తెలియదు.

వ్యాసం మొత్తం తిరగరాయొద్దు. నేల గురించి ఒక్క పేరా రాసి పంపు. అది ఎర్ర పలకల నేల అని ఆయన ఉత్తరంలో ఉంది, నీ వ్యాసంలో నేల ఊసే లేదు. ఇప్పుడు మూడు బొమ్మల్లోనూ ఆ ఎరుపు ఎంత కనిపిస్తోందో, ఎక్కడ కనిపిస్తోందో చూసి, మనసు గురించి ఒక్క మాటా లేకుండా రాయి. వచ్చే వారం ఎదురుచూస్తుంటాను.

నీ అన్న