ఇంటి విలువ పెంచి నోటీసు పంపారు, ప్రొటెస్ట్ చేయొచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కిందటి ఆగస్టులో 5,20,000 డాలర్లకు పాత ఇల్లు కొని, అందులోనే ఉంటున్నాం. ఇప్పుడు పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చిన నోటీసులో మార్కెట్ విలువ 5,68,000 డాలర్లని ఉంది. మేం హెచ్‌1బీ వీసా మీద ఉన్నాం. ప్రొటెస్ట్ చేస్తే (అంటే ఆ విలువపై అభ్యంతరం దాఖలు చేస్తే) విలువ ఇంకా పెంచేస్తారని, వీసాకు ఇబ్బంది వస్తుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: తప్పకుండా ప్రొటెస్ట్ చేయండి. వీసాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది ఇంటి యజమానిగా మీకున్న హక్కు. ఇక విలువ ఇంకా పెంచేస్తారన్న మాట: మీ ప్రొటెస్ట్ విన్నాక నోటీసులోని విలువకు మించి పెంచే అధికారం, ఈ ప్రొటెస్ట్‌లను విచారించే రివ్యూ బోర్డుకు లేదు. ఆ టెన్షన్ వదిలేయండి.

మీకు వచ్చింది పన్ను బిల్లు కాదు. జనవరి 1 నాటికి మీ ఇల్లు ఎంత చేస్తుందో అప్రైజల్ డిస్ట్రిక్ట్ వేసిన అంచనా మాత్రమే. పన్ను రేట్లు సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ వంటివి తర్వాత నిర్ణయిస్తాయి. అందుకే "ఇంత పన్ను కట్టలేం" అనే వాదన అక్కడ నిలవదు. విలువ గురించే మాట్లాడాలి.

గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. ఫారంలో రెండు కారణాలకూ టిక్ పెట్టండి: మార్కెట్ విలువ కంటే ఎక్కువ వేశారన్నది ఒకటి, ఇలాంటి ఇళ్లతో పోలిస్తే మీకు ఎక్కువ వేశారన్నది రెండోది. చాలామంది మొదటిదే పెట్టి ఊరుకుంటారు. పక్క వీధిలో అదే సైజు, అదే వయసు ఇళ్లకు తక్కువ విలువ వేసి ఉంటే రెండో కారణమే బలంగా పనిచేస్తుంది. ఆ వివరాలన్నీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి.

మీ దగ్గరున్న గట్టి సాక్ష్యం ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ స్టేట్‌మెంట్, అంటే మీరు కట్టిన ధర వివరాలున్న పత్రం. టెక్సాస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన లేదు కాబట్టి మీ ధర వాళ్లకు తెలియకపోవచ్చు. పునాదిలో పగుళ్లు, పాడైన రూఫ్ వంటివి జనవరి 1 నాటికే ఉంటే ఫొటోలు, రిపేరు కొటేషన్లు జతచేయండి. డిస్ట్రిక్ట్ తన తరఫున చూపబోయే ఆధారాలు కూడా అడిగి తీసుకోండి. అడిగితే విచారణకు కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి.

సాధారణంగా బోర్డు విచారణకు ముందు అప్రైజర్‌తో (డిస్ట్రిక్ట్ తరఫున విలువ కట్టే ఉద్యోగితో) మాట్లాడే అవకాశం ఉంటుంది. అక్కడే కొంత తగ్గిస్తామంటారు. సంతకం పెడితే ఈ ఏడాదికి అదే ఫైనల్, తర్వాత కోర్టుకు వెళ్లలేరు. కాబట్టి మొహమాటపడి ఒప్పుకోవద్దు. బోర్డు తీర్పు కూడా నచ్చకపోతే ఆర్డర్ అందిన 60 రోజుల్లో ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి దగ్గరకు) జిల్లా కోర్టుకో వెళ్లొచ్చు. కేసు నడుస్తున్నా వివాదం లేని మేరకు పన్ను మాత్రం గడువులోగా కట్టేయాలి.

మీరు అడగలేదు కానీ, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కు, అంటే సొంతంగా ఉంటున్న ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపుకు, అప్లై చేశారా? దానికి పౌరసత్వం అక్కర్లేదు, ఈ ఇంటి అడ్రస్ ఉన్న టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ గానీ టెక్సాస్ ఐడీ కార్డు గానీ ఉండాలి. 2025 నుంచి స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు మినహాయింపు వస్తుంది. అప్లికేషన్ ఉచితం. ఫీజు అడుగుతూ వచ్చే ఉత్తరాలను పట్టించుకోకండి. ఈ ఎగ్జెంప్షన్ ఉన్న ఇంటికి, కొత్తగా ఏమీ కట్టకపోతే, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. కానీ మీకు ఆ పరిమితి వచ్చే ఏడాది మొదలవుతుంది, దానికి లెక్క ఈ ఏడాది విలువ నుంచే కడతారు. ఈసారి విలువ తగ్గించుకుంటే వచ్చే ఏడాది పరిమితి కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందుకే మీ విషయంలో ఈ మే నెలను వదులుకోవద్దంటున్నాను.