రోబో సర్జరీ సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు చూపించండి

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. మాది సోంపేట దగ్గర. ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టే పని చేసి మోకాళ్లు అరిగిపోయాయి. విశాఖలో రోబోతో మోకాలి మార్పిడి చేస్తామని సీటీ స్కాన్ తీశారు. రోబో ఎముకను గుర్తుపట్టడాన్ని ‘రిజిస్ట్రేషన్’ అంటారట. అది తప్పితే కోత పక్కకు పోతుందా? పక్కాగా రావాలంటే ఏం చేయాలి? రెండేళ్లుగా నొప్పికి మెడికల్ షాపు మాత్రలు వేసుకుంటోంది. పోయిన వారం ఊళ్లోనే మోకాలికి సూది వేయించాం.
– ఒక పాఠకుడు

జవాబు: రోబో గురించి అంత రాశారు గానీ, నన్ను కంగారు పెట్టింది మీ చివరి రెండు వాక్యాలే.

సీటీలోని ఎముక బొమ్మను టేబుల్ మీదున్న అసలు ఎముకతో సరిపోల్చి జత చేయడమే రిజిస్ట్రేషన్. తొడ ఎముకకు, కాలి ఎముకకు పిన్నులు బిగించి, ఎముక ఎక్కడుందో రోబోకు చూపే ట్రాకర్లు పెడతారు. సర్జన్ ప్రోబ్ అనే మొనదేలిన పుల్లలాంటి పరికరంతో ఎముకను చాలాచోట్ల తాకుతారు. ఎముక చివరను కప్పి ఉండే మెత్తటి పొర, అంటే మృదులాస్థి, సీటీలో సరిగా కనపడదు. అందుకే ప్రోబ్‌ను దాని మీద ఆనించి వదిలేయకుండా ఎముక తగిలేదాకా గుచ్చాలి. చేయి తిరిగిన సర్జనెవరో అక్కడే తెలుస్తుంది. బొమ్మకూ ఎముకకూ లెక్క కుదరకపోతే మళ్లీ మొదలుపెడతారు, కోసే ముందు ఇంకోసారి సరిచూస్తారు. మీ వైపు నుంచి ఒక్కటే: స్కాన్‌లో అమ్మగారు కాలు కదిపి ఉంటే దాచకుండా చెప్పండి.

ఇక మాత్రలు. పిన్ను రవ్వంత కదిలినా ఆ లెక్కంతా చెడుతుంది. అది గట్టిగా నిలవాలంటే ఎముకలో సత్తువ ఉండాలి. నిన్ననే ఒకావిడ కొంగుముడి విప్పి నా టేబుల్ మీద నాలుగు మాత్రలు పోశారు. ఒక్కదానికీ పేరు లేదు. అలాంటివాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎముక గుల్లబారుతుంది. పెయిన్ కిల్లర్లయితే కిడ్నీ మీద పడతాయి. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పాలా? పైకి ఏమీ తెలియదు. ఈ వారంలోనే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించండి. మాత్రలు మీ అంతట మీరు పెంచొద్దు. అలాగని ఒక్కసారిగా ఆపొద్దు, స్టెరాయిడ్ ఉంటే అదీ ప్రమాదమే. రెండేళ్లు ఎవరికీ చూపించకుండా ఎలా మింగనిచ్చారండీ?

ఆ సూది స్టెరాయిడ్ అయితే ఇన్‌ఫెక్షన్ భయంతో సాధారణంగా 3 నెలలు ఆగి ఆపరేషన్ చేస్తారు. సర్జన్‌కు తప్పక చెప్పండి, తేదీ వాయిదా పడితే పడనివ్వండి. మోకాలు ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చూడకుండా ఇంతకంటే చెప్పలేను, తుది మాట మీ డాక్టరుదే. వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, దొరికితే ఆ సూది మందు సీసా కూడా పట్టుకెళ్లండి.