బెంచీ మీద నుంచి మైదానానికి: ఒక గోల్‌కీపర్‌కు రాసిన లేఖ

చిత్తూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న శనివారం అందింది. ఉదయం లేవగానే కుడి మోకాలు పూర్తిగా చాచడానికి పావుగంట పడుతోందనీ, ముప్పై మూడేళ్లు నిండాయనీ, గత రెండు సీజన్లలో ఆడినవి నాలుగే మ్యాచ్‌లనీ, బెంగళూరు వదిలి తిరుపతికి వచ్చి పిల్లలకు గోల్‌కీపింగ్ నేర్పాలని ఉందనీ రాశావు. అంతా రాసి చివర, "ఎనిమిది జట్లు మారి ఎక్కువ కాలం రిజర్వుగా బెంచీ మీదే కూర్చున్న నా దగ్గర నేర్చుకోవడానికి ఎవరు వస్తారు సార్" అని అడిగావు. కోచింగ్ లైసెన్సుల గురించీ, మైదానం గురించీ, డబ్బు గురించీ నువ్వు అడిగినవన్నీ కింద రాస్తాను గానీ, ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పకపోతే మిగతావి ఎన్ని చెప్పినా ప్రయోజనం ఉండదు.

నేను 1981 నుంచి 1998 దాకా పదకొండు జట్లకు ఆడాను. ఆడాను అనడం మర్యాద కోసమే. వాటిలో నాలుగింటిలో నేను రెండో కీపర్‌ను, ఒకదానిలో మూడో కీపర్‌ను. చిత్తూరులో వేలూరు బస్సెక్కి, అక్కడి నుంచి మద్రాసు చేరి, అక్కడ లీగు ముగియగానే బెంగళూరు వెళ్లి, అక్కడా పని లేకపోతే కోతలయ్యాక మలబారు పొలాల్లో జరిగే సెవెన్స్ టోర్నమెంట్లకు పోయేవాడిని. పోకమానులతో కట్టిన తాత్కాలిక గ్యాలరీలు, రాత్రిపూట దీపాల వెలుగు, చిన్న మైదానం, జట్టుకు ఏడుగురే ఆటగాళ్లు. అక్కడ ఒక్క రాత్రిలో నా మీదికి వచ్చినన్ని షాట్లు మద్రాసు లీగులో నెల రోజుల్లోనూ రాలేదు. ఒక జట్టు సీజను మొత్తం ఆడించుకొని సగం డబ్బే ఇచ్చింది. దాని పేరు రాయను, నువ్వూ ఎప్పుడూ అడగవద్దు.

తిరగడం వల్ల మొదట వచ్చిన లాభం భాష. మన చిత్తూరు పిల్లలకు మూడు భాషలు చెవిలో పడుతూనే ఉంటాయి కాబట్టి మనకిది సులువు. కీపర్ తన ముందున్న డిఫెండర్‌ను బంతి వదిలెయ్యమనాలంటే మద్రాసులో "విడు" అనాలి, బెంగళూరులో "బిడు" అనాలి, మన దగ్గర "వదులు" అనాలి. మాట ఏదైనా, అది క్రాస్ (మైదానం పక్క నుంచి గోల్ ముందుకు ఎత్తి తన్నిన బంతి) గాలిలో ఉండగానే, డిఫెండర్ తల ఎత్తకముందే వినపడాలి. నా మొదటి మద్రాసు మ్యాచ్‌లో నేను తెలుగులో అరిచాను, మా సెంటర్ బ్యాక్ అర్థంకాక నిలబడిపోయాడు, గోల్ పడింది. ఆ రోజు నుంచి ఏ ఊరికి వెళ్లినా ముందు నాలుగు మాటలు నేర్చుకొని ఆ తరువాతే గ్లవ్స్ వేసుకున్నాను. నువ్వు తిరుపతిలో పిల్లలకు మొదటి వారం నేర్పవలసింది కూడా ఈ నాలుగు మాటలే: నాది, వదులు, వెనక మనిషి, సమయముంది.

ఇక అసలు విషయం. 1992లో బ్యాక్‌పాస్ నియమం వచ్చింది. మన జట్టువాడు కావాలని కాలితో మన వైపు తన్నిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోకూడదు అన్నది ఆ నియమం. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. అప్పటిదాకా కాలితో నాకున్న పని గోల్‌కిక్ ఒక్కటే. అదీ చాలాసార్లు డిఫెండరే కొట్టేవాడు. మొదటి నెలలో రెండుసార్లు ప్రత్యర్థి ఫార్వర్డ్ కాళ్ల దగ్గరికే బంతి తన్ని గోల్ ఇచ్చాను. దాంతో ముప్పై ఏళ్ల మనిషిని పదేళ్ల పిల్లవాడిలా గోడకు బంతి కొట్టుకుంటూ, బంతి రాకముందే ఎటు చూడాలి, మొదటి స్పర్శ ఏ వైపు పెట్టాలి, ఏ కాలి మీద బరువు ఉంచాలి అని ఒక్కొక్కటి నాకు నేనే పేరు పెట్టి చెప్పుకుంటూ నేర్చుకోవలసి వచ్చింది. నాతో ఉన్న మొదటి కీపర్ నాకంటే పదింతలు ప్రతిభ ఉన్నవాడు. ఎలా చేస్తావు అని అడిగితే, "ఏముంది, అలా వచ్చేస్తుంది" అనేవాడు. అతను అబద్ధం చెప్పలేదు, అతనికి నిజంగానే అలా వచ్చేసేది. ఆటలు మానాక అతను రెండేళ్లు కోచింగ్ చేసి, పిల్లలకు ఎందుకు రావడం లేదో అర్థంకాక విసిగి వదిలేశాడు. నాకు ఏదీ ఊరికే రాలేదు గనుక ప్రతిదీ ఎక్కడ చెడుతుందో తెలుసు. నీ దగ్గరికి ఎవరు వస్తారన్న నీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

నీకు నమ్మకం కుదరకపోతే పెద్దవాళ్ల సంగతి చూడు. 2004లో పోర్చుగల్ క్లబ్బు పోర్టో ఐరోపా క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు నూనో ఎస్పిరిటో శాంటో ఆ జట్టులో రిజర్వు కీపర్. తరువాత గోల్‌కీపింగ్ కోచ్‌గా పని నేర్చుకొని, హెడ్ కోచ్ అయి, 2018లో ఇంగ్లండ్ క్లబ్బు వుల్వ్స్‌ను అక్కడి పై స్థాయి ప్రీమియర్ లీగులోకి తెచ్చాడు. ఇరవై తొమ్మిది క్లబ్బులు తిరిగిన జాన్ బర్రిడ్జ్ అనే ఇంగ్లీషు కీపర్ ఒమన్‌లో కోచింగ్ చేస్తూ అలీ అల్ హబ్సీని గుర్తించి ఐరోపాకు దారి చూపాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగులో ఆడిన తొలి ఒమన్ ఆటగాడు అతనే. మన హైదరాబాదు పీటర్ తంగరాజ్‌ను మనతో పోల్చుకోకూడదు, ఆయన 1956, 1960 ఒలింపిక్స్ ఆడి 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్న మహానుభావుడు. కానీ ఆయన కూడా మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి తరువాత గోల్‌పోస్టుల మధ్యకు వచ్చినవాడే, ఆట మానాక కోచ్‌గా కుర్రాళ్లను తయారుచేస్తూ గడిపినవాడే.

కాబట్టి కాంట్రాక్టు ఇంకా మిగిలిన ఈ నెలల్లో చేయవలసిన పని ఒకటుంది. ఒక నోటుపుస్తకం కొనుక్కో. బెంచీ మీద కూర్చున్న ప్రతి మ్యాచ్‌లోనూ, రెండు జట్లకూ పడిన ప్రతి గోల్‌కూ, షాట్ కొట్టిన క్షణంలో కాదు, అంతకు ముందు రెండు పాస్‌ల సమయంలో కీపర్ ఎక్కడున్నాడో బొమ్మ గీసి రాసుకో. చేతుల్లోంచి బంతి జారిన గోల్‌ను గ్యాలరీలో ఉన్నవాళ్లూ చెప్పగలరు. కీపర్ ఒక అడుగు ఆలస్యంగా కదలడం వల్ల, షాట్ సమయానికి రెండు పాదాలు నేల మీద స్థిరంగా లేకపోవడం వల్ల పడిన గోల్‌ను నీలాంటివాడే చెప్పగలడు. ఇలాంటివి వంద పేజీలు పోగయ్యేసరికి నీ సిలబస్ నీ చేతిలోనే ఉంటుంది.

లైసెన్సుల విషయం క్లుప్తంగా చెబుతాను. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డీ లైసెన్సుతో మొదలుపెట్టు, ఆ పైన సీ, బీ అంటూ పోవచ్చు. గోల్‌కీపింగ్ కోచ్‌లకు లెవల్ 1 నుంచి వేరే కోర్సులున్నాయి. గోల్‌కీపింగ్ ఒక్కటే చాలనుకోకు. మన జిల్లాల్లో కీపర్లకు మాత్రమే జీతమిచ్చి కోచ్‌ను పెట్టుకునే స్తోమత ఎవరికీ లేదు. నియమాల పుస్తకం కూడా ఏటా చదవాలి: 2025 జూలై నుంచి కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్ ఇస్తున్నారు, రిఫరీ చివరి ఐదు సెకన్లు చెయ్యెత్తి లెక్కపెడతాడు. పాత ఆరు సెకన్ల లెక్కే నేర్పుతున్న కోచ్‌లను నేను ఈ మధ్య కూడా చూశాను.

మైదానం సంగతికి వద్దాం. తిరుపతిలోనూ ఇక్కడ మా మెసానికల్ మైదానంలోనూ పచ్చిక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. పిల్లలు చేతకాక కాదు, పడితే దెబ్బ తగులుతుందని డైవ్ చేయరు. దాన్ని పిరికితనమని తిట్టవద్దు. దగ్గరలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా లాంగ్‌జంప్ ఇసుక గుంత ఉంటుంది. హెడ్మాస్టరుగారిని అడిగి, పారతో తిరగవేసి, రాళ్లు ఏరి, మొదటి నెల అంతా అక్కడే నేర్పు. ముందు కూర్చొని పక్కకు వాలడం, తరువాత మోకాళ్ల మీద నుంచి, తరువాత గొంతుకూర్చొని, చివరగా నిలబడి. నేలకు తగలవలసిన వరుస పిక్క పక్క భాగం, తొడ, నడుము పక్క, భుజం. మోచెయ్యి గానీ పొట్ట గానీ ముందు తగిలితే ఆ రోజు అక్కడితో ఆపి మళ్లీ కూర్చున్న దగ్గర నుంచి మొదలుపెట్టాలి. బంతిని విసరడం మూడో వారంలో. అప్పటిదాకా బంతి నేల మీద కదలకుండా ఉండాలి. ఇంత నెమ్మదా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగనీ. నాకు ఈ వరుస ఎవరూ చెప్పకపోవడం వల్ల నా ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడవదు.

కోణం నేర్పడానికి నలభై మీటర్ల నైలాను తాడు చాలు. రెండు కొసలూ రెండు గోల్‌పోస్టులకు కట్టి, మధ్య భాగాన్ని పెనాల్టీ ఏరియా గీత మీద బంతి ఉన్నచోట మేకు కొట్టి పట్టించు. అప్పుడు పిల్లవాడిని గోల్‌లైను మీద నిలబెట్టి, తనకు ఇటువైపు ఎంత ఖాళీ ఉందో, అటువైపు ఎంత ఉందో తననే చూసుకోమను. 7.32 మీటర్ల వెడల్పు ఎంత పెద్దదో వాడికి మొదటిసారి అప్పుడే కంటికి తెలుస్తుంది. నాలుగు అడుగులు ముందుకు రమ్మను, తాళ్లు దగ్గరవుతాయి. ఇంకా ముందుకు రమ్మని, నువ్వు బంతిని వాడి తల మీదుగా మెల్లగా గోల్‌లో వెయ్యి. అప్పుడు వాడు నీ వైపు చూసి నవ్వుతాడు, ఏమీ చెప్పకుండానే రెండు అడుగులు వెనక్కి వెళ్తాడు. కోచింగ్‌లో నాకు నచ్చే క్షణం అదే. ఆ తరువాత బంతినీ మేకునూ తాడు అందినంత ఎడమ వైపుకు మార్చి, దగ్గరి పోస్టు ఎందుకు విడవకూడదో అదే పద్ధతిలో చూపించు.

పదకొండేళ్ల పిల్లవాడిని పెద్దల గోల్‌లో నిలబెట్టి తల మీదుగా గోల్స్ కొట్టడం మన దగ్గర మామూలు. 2.44 మీటర్ల ఎత్తు వాడికి అందదు, అందనిదానికి వాడిని తిడతారు. రెండు వైపులా లోపలికి ఒక్కో మీటరు జరిపి కోన్‌లు పెట్టు, పైన ఒక గుడ్డ పేలిక అడ్డంగా కట్టు. పెనాల్టీల మీద కాలం వృథా చేయకు. పదకొండు మీటర్ల నుంచి గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి గోల్ చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులే పడుతుంది. చూసి దూకే సమయం ఉండదు. తన్నేవాడు నేలకు ఆనించిన కాలు ఎటు తిరిగిందో గమనించడం, తన్నే క్షణానికి కీపర్ తన ఒక పాదం గోల్‌లైను మీదే ఉంచడం, ఈ రెండూ నేర్పితే చాలు.

తలకు దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఎవరి మాటా వినవద్దు. 2006లో చెల్సీ కీపర్ పీటర్ చెక్‌కు పుర్రె ఎముక విరిగి, అప్పటి నుంచి తల కవచంతోనే ఆడాడు. అంతటివాడికే అలా ఉంటే మన పిల్లల మాట చెప్పాలా? తూలినా, ప్రశ్నకు తడబడి జవాబు చెప్పినా, వాంతి వస్తోందన్నా, ఫైనల్ అయినా సరే బయటికి తీసి ఆసుపత్రికి పంపు. నేను 1989లో అలాంటి దెబ్బతో రెండో సగం మొత్తం ఆడాను. ఆ సగం నాకు ఇప్పటికీ గుర్తులేదు, గెలిచామని తరువాత చెప్పారు.

వేళల సంగతి నీకు తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరుకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించాలి. నవంబరు వానల్లో మానేయకుండా తడి బంతితో నేల మీది షాట్లు ఆడించు, చేతుల వెనక ఎప్పుడూ కాలో ఛాతీయో ఉండాలన్న పాఠం వానలోనే ఎక్కుతుంది. గ్లవ్స్ ఖరీదైనవి కొనమని ఎవరినీ బలవంతపెట్టకు. మన నేల మీద అరచేతి రబ్బరు రెండు నెలల్లో పోతుంది. చిరిగినవి సాధనకు, మంచివి మ్యాచ్‌కు, ఉతికాక నీడలోనే ఆరబెట్టాలి.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. కీపర్ల కోచింగ్ ఒక్కదానితో తిరుపతిలో ఇల్లు గడవదు. ఏదైనా పాఠశాలలో ఆటల మాస్టరుగా పగలు పని చూసుకొని, ఉదయం, సాయంత్రం దీన్ని పెట్టుకో. నెల ఫీజు మొదటి తేదీనే అడుగు. మొహమాటపడితే మూడో నెల నుంచి నీకే విసుగు వస్తుంది, ఆ విసుగు పిల్లల మీద చూపిస్తావు. ఇవ్వలేనివాళ్ల దగ్గర అసలు అడగకు, ఆ సంగతి మిగతా పిల్లలకు తెలియనివ్వకు.

ఇంకొకటి, నీ స్వభావం గురించి. నీకు ఎవరితోనూ మాట్లాడకుండా మూలన కూర్చునే అలవాటుంది, నాకూ ఉండేది, బెంచీ అది నేర్పుతుంది. కోచ్‌కు అది పనికిరాదు. కీపర్లను వేరే మూలకు తీసుకుపోయి గంటసేపు అక్కడే ఉంచేయకు. ఇరవై నిమిషాలు చాలు, తరువాత జట్టు ఆటలోకి తీసుకురా, హెడ్ కోచ్ పక్కన నిలబడి చూసింది చూసినట్టు ఆయనకు చెప్పు. నీకు దక్కని మ్యాచ్‌ల కోపం పిల్లల ముందు ఎప్పుడూ తీయకు. మొదటి రెండేళ్లు నేను తీశాను. ఒక కుర్రవాడు రిజర్వుగా కూర్చోవడమే అవమానమనుకొని ఆట మానేశాడు. అది నా మాటల వల్లే.

దీపావళికి ఇంటికి వస్తానని రాశావు. రెండు రోజులు ముందుగా బయలుదేరి చిత్తూరులో దిగు. నా దగ్గర పదమూడేళ్ల అమ్మాయి ఒకతె ఉంది, నేల మీది బంతులు బాగా పట్టుకుంటుంది, క్రాస్ గాలిలోకి లేచిందంటే మాత్రం ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేస్తుంది. మూడు నెలలుగా చూస్తున్నాను, భయమో, చూపు దోషమో, మరింకేదైనానో తేల్చుకోలేకపోతున్నాను. ఆ అడుగు నువ్వూ ఆ వయసులో వేసేవాడివి, నాకు బాగా గుర్తుంది. ఎందుకు వేసేవాడివో వచ్చేలోగా గుర్తుచేసుకో.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ పాత సార్