ఉద్యోగం మానేసి కుక్కల షెల్టర్ పెట్టొచ్చా? మనసు తట్టుకుంటుందా?

ప్రశ్న అడిగినాయన కావలి దగ్గర సొంత స్థలం ఉందని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం విసుగుపుట్టిందని, మానేసి వీధి కుక్కలకి షెల్టర్ పెడదామనుకుంటున్నానని, ఇది నడిపేవాళ్ళకి మనసు ఎట్టా ఉంటుంది, తృప్తి ఏమన్నా మిగులుతుందా లేక ఏడుపేనా అని అడిగారు. నాది నెల్లూరు. పొదలకూరు రోడ్డు వైపు మా అత్తగారి వాళ్ళ చేలో రేకుల షెడ్డు వేసుకుని చాలా ఏళ్ళుగా ఇదే పని. పెద్ద సంస్థేం కాదు, నేను, సగం మనసుతో మా ఆయన, వంట చేసే పెద్దామె, కుక్కని పట్టడం తెలిసిన ఒక కుర్రోడు, ఆదివారాలు వచ్చిపోయే కాలేజీ పిలకాయలు. కొంచెం పెద్ద జవాబే అవుతుంది, ఓపికుంటే చదవండి.

కుక్కలు చచ్చిపోతుంటే చూసి తట్టుకోలేరు అనుకుంటారు అందరూ. అది లేదని కాదు, కానీ చావు దగ్గర చేయాల్సిన పని ఒకటి ఉంటుంది, గుంత తీయిస్తాం, సున్నం చల్లుతాం, కాసేపు కూర్చుంటాం, ఇంతలో ఇంకోదానికి సెలైన్ అయిపోయిందని పిలుస్తారు, లేచి పోతాం. నన్ను అసలు నలిపేసేది ఫోను. ఫోనెత్తి "లేదండీ, మేం తీసుకోలేం" అని చెప్పడం. పది ఫోన్లొస్తే తొమ్మిదింటికి అదే చెప్పాలి, చెప్పాక ఆ తొమ్మిదీ రాత్రికొచ్చి పక్కలో కూర్చుంటాయి.

చిత్తకార్తె అనే మాట మనోళ్ళు తిట్టడానికి వాడతారు గానీ మాకది క్యాలెండరు. అక్టోబరులో చిత్తకార్తె, కుక్కలు జత కట్టే కాలం, కుక్క మోసేది అటూ ఇటూగా 63 రోజులు, అంటే డిసెంబరుకల్లా ఊరంతా పిల్లలే. మనకేమో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, అల్పపీడనం మీద అల్పపీడనం, సైడు కాలవల్లో ఒకటి, ఆగున్న లారీ కింద రెండు, ఎవరింటి మెట్ల కిందో ఆరు. ఫోను మొదలవుతుంది, "మేడమ్, తల్లి లేదు, ఆరు పిల్లలున్నాయి, వచ్చి తీసుకుపోండి" అని. తల్లి ఉంటుంది, తిండికి పోయుంటుంది అంతే, గంట ఆగి చూడండి, ఒక అట్టపెట్టె, పాత గోనె సంచి వేసి వాన పడని చోట పెట్టండి అంటే వినరు. ఎందుకు తీసుకోనో చెప్తా వినండి. పార్వో అని ఒక జబ్బు ఉంది, పిల్లలకే ఎక్కువ, వాంతులు, రక్తం కలిసిన విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూసినోళ్ళు జన్మలో మర్చిపోరు. ఆ వైరస్‌ని నేరుగా చంపే మందు మన దగ్గర లేదు, ఆర్‌ఎల్ అనే సెలైన్ లాంటి డ్రిప్ ఎక్కించడం, వాంతులాగే ఇంజెక్షన్, యాంటీబయాటిక్, వెచ్చగా ఉంచడం, ఇక దాని అదృష్టం. ఒకసారి వచ్చిందంటే ఆ నేలలో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతికే ఉంటుంది, ఫినాయిలు పోస్తే చావదు, బ్లీచింగే కావాలి, అదీ గచ్చు మీద అయితే పని చేస్తుంది గానీ మట్టికి ఎంత పోసినా నమ్మకం లేదు. మరి టీకా పడని ఆరు పిల్లల్ని బాగున్న చోటు నుంచి తెచ్చి నా షెడ్డులో పెడితే అది కాపాడటమా? ఇదంతా ఫోన్లో చెప్పేలోపు అవతలాయన "కుక్కల పేరు చెప్పి చందాలు తింటారు, ఆరు పిల్లల్ని పెట్టుకోలేరా" అని పెట్టేస్తాడు. నేను చేసింది కరెక్టే అని నాకు తెలుసు. తెలిసినా ఆ ఆరూ తడుస్తూనే కనపడతాయి.

2021 నవంబరులో పెన్నా పొంగింది గుర్తుందా, సోమశిల డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. కోవూరు వైపు నుంచి ఒకటే ఫోన్లు, కొట్టంలో గొడ్లు కట్టేసున్నాయి తాడు కోసే నాథుడు లేడని, మిద్దె మీద కుక్క అరుస్తా ఉందని. మేం ఏటికి ఇవతల, పోయే దారే లేదు. ఎవరికి చెప్పినా నమ్మరు, ఆ రాత్రి నేను ఒళ్ళు తెలీకుండా నిద్రపోయా. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, దారి లేదు కాబట్టి ఏది బతకాలి ఏది వద్దు అని ఎంచాల్సిన పని నాది కాదు ఆ రోజు. దారి తెరుచుకున్నాక నిద్ర మళ్ళీ పోయింది. ఈ పనిలో బరువు అంటే నా లెక్కలో అదే, ఎంచడం.

ఇంకోటి ఎవరూ చెప్పరు, బతికినవాటి సంగతి. హైవే మీద లారీ తగిలి నడుం విరిగిన కుక్కని తెస్తాం, మద్రాసు వేపేరి వెటర్నరీ కాలేజీ దాకా తీసుకుపోయి ఎక్స్‌రేలు తీయిస్తాం, ప్రాణం నిలుస్తుంది, అందరూ చప్పట్లు, వీడియోకి వేలల్లో లైకులు. వెనక కాళ్ళు రావు. ఇక దాని బతుకంతా రోజుకి మూడు నాలుగుసార్లు పొట్ట కింద నొక్కి ఉచ్చ పోయించాలి, లేకపోతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఈడ్చుకుని ఈడ్చుకుని తొడల మీద పుండ్లు, ఈగ వాలితే పురుగులు. సంక్రాంతికీ నొక్కాలి, మరిది పెళ్ళిరోజూ నొక్కాలి, నాకు జ్వరమొచ్చినా నొక్కాలి. లైకు కొట్టినోళ్ళు ఎవరూ రారు, రమ్మని నేను అడగను కూడా. ఇట్టాంటివి మా షెడ్డులో నాలుగో అయిదో ఎప్పుడూ ఉంటాయి, వాటి వల్లే ఎన్నోవాటికి లేదు అని చెప్పాల్సి వస్తుంది. ఒక్కోసారి వాటి మీదే కోపం వస్తుంది, నిజం చెప్తున్నా. డిస్టెంపర్ అని నరాలకెక్కే వైరస్ జబ్బు ముదిరి దవడ టకటకా కొట్టుకుంటా ఫిట్స్ ఆగకుండా వచ్చేదాన్ని డాక్టరుగారు ఇక లాభం లేదు అంటే ఇంజెక్షన్‌కి ఒప్పుకుంటాను, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. దానికి పాపం అని తిట్టేవాళ్ళు ఉంటారు, వాళ్ళని ఒక రాత్రి ఆ కుక్క పక్కన ఉండమంటే చాలు.

దీనికి కంపాషన్ ఫెటీగ్ అని ఏదో పేరుంది, నర్సులకీ డాక్టర్లకీ కూడా వస్తుందంట. నాకు తెలిసిన లక్షణాలు చెప్తా. ఏడుపు రాదు. కుక్క పోయినా రాదు, టీవీ యాడ్‌లో కుక్కని చూస్తే వస్తుంది. ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువైందని మా ఆయన మెల్లగా అంటే గిన్నె విసిరేయాలనిపిస్తుంది. కుక్కల్ని బాగా చూసుకునేవాళ్ళని కూడా అనుమానంగా చూస్తాం. నిద్రలో కుక్క ఏడ్చినట్టు వినిపించి లేచి కూర్చుంటాం, ఏమీ ఉండదు. బంధువులు ఇంటికొస్తే కాఫీ తాగరు, డెట్టాల్ వాసన అంటారు, "కుక్కలామె" అని వెనకాల పిలుస్తారు, అది మాత్రం నాకు అలవాటైపోయింది, ఈమధ్య కొరియర్ అబ్బాయి కూడా అదే అడ్రసు చెప్పుకుని వస్తున్నాడు.

మనుషుల సంగతి రాయడం మొదలుపెడితే తెల్లారుద్ది. విషం పెట్టేవాళ్ళుంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటిసారి తప్పుకి జరిమానా రూ.10 నుంచి రూ.50, ఎవరు భయపడతారు చెప్పండి. చంపితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ ఉంది, అయిదేళ్ళ దాకా జైలు, ఫిర్యాదు రాసేటప్పుడు ఆ నంబరు రాయండి, లేకపోతే యాభై రూపాయలతో పోతుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల మీద ఆర్డర్ ఇచ్చినప్పటి నుంచి మాకు ఇంకో రకం ఫోన్లు, "కోర్టే తీసెయ్యమంది కదా, వచ్చి మీరే తీసుకుపోండి" అని. ఆగస్టు 11 నాటి ఆర్డర్‌ని 22నే మార్చారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి రేబిస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప మిగతావి ఎక్కడివక్కడే వదలమన్నారు, నవంబరులో బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల సంగతి వేరేగా చెప్పారు, ఇదంతా విడమర్చి చెప్పే ఓపిక రాత్రి పదింటికి నాకుండదు. పైగా కుక్క కరిచిన పిల్లోడి తండ్రి అరిస్తే నేను ఎదురు మాట్లాడను. ఆయన బాధ ఆయనది, నిజమైన బాధ.

ఇక తృప్తి అడిగారు కదా. వీధి కుక్కలకి మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ మాదిరి గడ్డ వస్తుంది, రక్తం కారతా ఉంటుంది, టీవీటీ అంటారు, కుక్క నుంచి కుక్కకి జత కట్టినప్పుడు అంటుకునే క్యాన్సర్. చూడ్డానికి ఇక అయిపోయింది అనిపిస్తుంది, వీధిలోవాళ్ళు రాళ్ళతో కొడతారు. దానికి మనుషుల బ్లడ్ క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షనే, డాక్టరుగారు వారానికొకటి చొప్పున నరానికి ఇస్తారు, చాలావాటికి నాలుగు నుంచి ఆరు ఇంజెక్షన్లలో గడ్డ కరిగిపోతుంది. కళ్ళ ముందే, వారం వారం తగ్గతా పోవడం చూడొచ్చు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. తర్వాత ఆపరేషన్ చేయించి, ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి కొస కత్తిరించి, ఎక్కడ పట్టామో అక్కడే వదిలేస్తే తోక ఊపుకుంటా వాళ్ళ సందులోకి పోతుంది, వెనక్కి తిరిగి కూడా చూడదు. కొందరు దానికి బాధపడతారు, గుర్తుపట్టలేదని. నాకైతే అదే బాగుంటుంది, నేను అక్కర్లేదు దానికి ఇక.

మనుషుల్లో కూడా ఉండారులెండి. మాకు నూకలు తక్కువ రేటుకిచ్చే మిల్లు ఆయన (నెల్లూరులో రైసు మిల్లులకేం కొదవ), కోడి కాళ్ళూ కందనకాయలూ కవర్లో కట్టి పక్కన పెట్టే చికెన్ కొట్టు ఆయన, డబ్బులిస్తే పాతిక తీసుకుని మిగతాది వెనక్కి తోస్తాడు. మా వైపు తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే ఒకామె ఉంది, తన టిఫిన్ బాక్సులోది తీసి కుక్కలకి పెట్టి పని మొదలుపెడుతుంది, ఏ సందులో ఏ కుక్క కుంటుతుందో ఆమెకి తెలుసు, ఇన్నేళ్ళలో ఒక్కదాన్ని కూడా "తీసుకుపోండమ్మా" అనలేదు, "దీనికి మందు ఇయ్యండి, నేను వేస్తా" అంటుంది. ఇట్టాంటోళ్ళు ఇరవై మంది ఊళ్ళో ఉంటే నా షెడ్డు అవసరం సగం తగ్గుద్ది.

అందుకే నా మాటగా చెప్తున్నా, ఇష్టమైతే తీసుకోండి, ఉద్యోగం మానేయొద్దు. మీ జీతమే మీ కుక్కలకి మొదటి చందాదారు. షెడ్డు కట్టక ముందు మీ వీధిలో ఆడకుక్కలకి ఆపరేషన్లు, టీకాలు చేయించండి, ఒక ఏడాది చేసి చూడండి, ఎంత ఓపిక ఉందో మీకే తెలుస్తుంది. షెడ్డు కడితే ఎన్నిటికి చోటో గోడ మీద పెయింటుతో రాయించండి. మాది నలభై. నలభై ఒకటోది గేటు దగ్గర కుంటుకుంటా నిలబడితే రోడ్డు మీదే మందేసి పంపాలి, రాయి మాదిరి ఉండాలి అక్కడ, ఉండకపోతే ఆ నలభైకీ తిండి చాలదు, తర్వాత అవే ఒకదాన్నొకటి పీక్కుంటాయి. చెన్నైలో 1959 నుంచి ఉన్న బ్లూ క్రాస్‌నీ, హైదరాబాద్‌లో అమల గారు 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్‌నీ చూసి అంత మనం చేద్దాం అనుకోవద్దు, వాళ్ళ వెనక ఎన్ని ఏళ్ళు ఉన్నాయో చూడండి. ఆవులూ గేదెలూ దెబ్బ తింటే 1962 నంబరుకి ఫోను చేయమని చెప్పండి, పశు అంబులెన్సు వస్తుంది, అన్నీ మీ నెత్తిన వేసుకోవద్దు. ఫోన్లు రెండు పెట్టుకుని రాత్రి ఒకటి ఆపేయండి. ట్రస్టు రిజిస్ట్రేషన్, 80జీ (చందా ఇచ్చేవాళ్ళకి పన్ను మినహాయింపు), జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు కాగితాలు మొదట్లోనే పెట్టుకోండి, తర్వాత టైముండదు.

అన్నిటికంటే ముందు రేబిస్ టీకాలు మీరు వేయించుకోండి, 0, 7, 21 రోజుల్లో (0 అంటే మొదటి సూది వేసిన రోజు), కుక్కని ముట్టుకోకముందే. అది వేసుకున్నా సరే కరిస్తే సబ్బుతో కుళాయి కింద పదిహేను నిమిషాలు కడగాలి, మళ్ళీ 0, 3 రోజుల్లో బూస్టర్లు వేయించుకోవాలి, మాకు ఒక రేబిస్ అనుమానం కేసు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకున్నోళ్ళందరం వరుసగా పోయి వేయించుకున్నాం, వంట పెద్దామెతో సహా.

కావలి నుంచి నెల్లూరు ఎంత, గంటంబావు. ఒక ఆదివారం వచ్చి పనిలో దిగి చూడండి, ఊరికే చూడటానికి కాదు, ఉచ్చ పోయించడం నేర్పిస్తా. పాత చెప్పులు వేసుకుని రండి, పోయేటప్పుడు బ్లీచింగ్ నీళ్ళలో ముంచి పోవాలి. ఇంట్లో టీకా పడని కుక్కపిల్ల ఉంటే మాత్రం ఇప్పుడే రావద్దు, దానికి కోర్సు పూర్తయ్యాక రండి.