ఆ స్లీప్ తీసెయ్ బిడ్డా

బిడ్డా,

మిర్యాలగూడ రైస్ మిల్లు కోసం నువ్వు రాస్తున్న కాంటా ప్రోగ్రామ్ మొత్తం చదివాను. పనులన్నీ ఒకేసారి నడిచేలా థ్రెడ్లుగా పంచావు: బరువు చదవడానికి కాంటాకో థ్రెడ్, చీటీ ప్రింట్‌కు ఒకటి, డేటాబేస్‌లో ఎక్కించడానికి ఇంకొకటి. విడగొట్టిన తీరు నాకు నచ్చింది. కానీ బరువు రాకముందే చీటీ వస్తోందని ప్రింట్ థ్రెడ్‌లో రెండు సెకన్లు ఊరికే ఆగమని స్లీప్ పెట్టావు చూడు, ముందు అది తీసెయ్.

స్లీప్ అంటే ఉత్త అంచనా. నీ లాప్‌టాప్ మీద రెండు సెకన్లు చాలు. వానాకాలం వడ్లు దిగి, మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోజు అక్కడి పాత కంప్యూటర్‌కు మూడు పట్టొచ్చు. అప్పుడు ఒక రైతు చీటీ మీద ముందు రైతు బరువు పడుతుంది. ఆరు నెలల కష్టం అది, అంచనాకు వదలొద్దు.

ఎంతసేపు ఆగాలన్నది కాదు, దేనికోసం ఆగాలన్నది రాయి. నువ్వు రాస్తున్న జావా భాషలో బ్లాకింగ్ క్యూ ఉంది, ఒక థ్రెడ్ వేసిన రికార్డును ఇంకో థ్రెడ్ వరుసలో తీసుకునే డబ్బా లాంటిది. 2004లో జావా 5తో వచ్చింది. టోకెన్ నంబరు, బరువు కలిపి ఒకే రికార్డుగా అందులో వెయ్యి. వేశాక ఆ రికార్డును ఎవరూ మార్చకూడదు. క్యూ ఖాళీగా ఉంటే ప్రింట్ థ్రెడ్ తనంతట తానే ఆగుతుంది, రికార్డు రాగానే లేస్తుంది. ప్రింట్‌కూ డేటాబేస్‌కూ మాత్రం ఒకే క్యూ పెట్టకు. ఒక థ్రెడ్ తీసుకున్న రికార్డు రెండోదానికి దొరకదు, సగం చీటీలు డేటాబేస్‌లో కనిపించవు. ఇద్దరికీ వేరువేరు క్యూలు పెట్టు.

బస్తాల మొత్తం దాచే చోట వోలటైల్ అనే మాట పెట్టి ఊరుకున్నావు. కొత్త విలువ మిగతా థ్రెడ్లకు కనిపించేలా చేయడమే దాని పని. కానీ మొత్తం పెంచాలంటే చదవడం, కలపడం, తిరిగి రాయడం మూడు వేరు పనులు. మధ్యలో రెండో కాంటా థ్రెడ్ దూరితే ఒకరు కలిపింది మాయమవుతుంది. అక్కడ ఆటమిక్ ఇంటిజర్ వాడు, మధ్యలో ఎవరూ దూరకుండా ఆ మూడింటినీ ఒకే పనిగా చేస్తుంది.

లాక్ అంటే ఒకసారి ఒక థ్రెడ్ చేతిలోనే ఉండే తాళం. రెండు లాకులు తీసుకునే చోట్లన్నిటా ఒకే వరుసలో తీసుకో. లేదంటే రెండు థ్రెడ్లు చెరొకటి పట్టుకుని, రెండోదాని కోసం ఎదురుచూస్తూ ఆగిపోతాయి.

"వంద సార్లు నడిపాను, ఏమీ కాలేదు" అన్నావు ఫోన్‌లో. థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం 1985-87 మధ్య రోగుల ప్రాణాలు తీసింది. దానిలో ఒక లోపం ఆపరేటర్ వేగంగా టైప్ చేసినప్పుడే బయటపడేది. టైమింగ్ తప్పులు టెస్టింగ్‌లో దాక్కుంటాయి. అందుకే కోడ్ చదివి, తప్పు జరిగే దారి లేదని నిన్ను నువ్వు ఒప్పించుకో.

ఈసారి ప్రోగ్రామ్ బిగుసుకుపోతే టెన్షన్‌తో వెంటనే రీస్టార్ట్ చేయకు. ముందు జావాతో వచ్చే జేస్టాక్ (jstack) అనే పనిముట్టుతో థ్రెడ్ డంప్, అంటే ఆ క్షణాన థ్రెడ్లన్నీ ఎక్కడున్నాయో చెప్పే జాబితా, తీయి. ఏ థ్రెడ్ ఏ లాక్ కోసం ఆగిందో అందులో ఉంటుంది. అర్థం కాకపోతే ఆ ఫైల్ నాకు పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెదనాయిన,
నల్లగొండ